ఈఈఈ చదువుతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

సర్క్యూట్ల లెక్కలుండే నెట్‌వర్క్స్ పేపరు తప్పావని, ఇక ఈ చదువు నీవల్ల కాదని అంటున్నావని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పి బాధపడింది. ముప్పై ఏళ్లకు పైగా కరెంటు శాఖలో పనిచేసినవాణ్ని, ఒకప్పుడు అదే పేపరు తప్పినవాణ్ని కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఎలక్ట్రికల్ ఇంజనీరింగు కష్టమైన చదువే. ఆ కష్టం ఎక్కడుందో తెలియక చాలామంది పిల్లలు తమకు తెలివి చాలదని అనుకుంటారు. సివిల్ చదివేవాడికి దూలం, మెకానికల్ చదివేవాడికి పళ్ల చక్రం కంటికి కనిపిస్తాయి. మనకు కనిపించేది తీగ ఒక్కటే, అందులో జరిగేదంతా గణితం చూపిస్తేనే తెలుస్తుంది. ఇంట్లో 230 వోల్టులని మనం చెప్పుకునేది ఆర్‌ఎంఎస్ విలువ, అంటే ఒకరకం సగటు. అసలు వోల్టేజి సెకనుకు 50 ఆవృత్తులు పూర్తి చేస్తూ, దాదాపు 325 వోల్టుల శిఖరాన్ని అందుకుంటూ ఉంటుంది.

ఇలా మారుతూ ఉండే కరెంటు, అంటే ఏసీ, పారే సర్క్యూట్లను తొలినాళ్లలో అవకలన సమీకరణాలతో సాధించేవారు. 1893లో షికాగోలో జరిగిన సభకు సమర్పించిన పత్రంలో స్టైన్‌మెట్జ్ అనే ఇంజనీరు ఆ లెక్కలను సంకీర్ణ సంఖ్యల కూడికలు, గుణకారాలుగా మార్చే పద్ధతిని వివరించాడు. ఇంటర్ గణితం 2ఏలో నువ్వు మార్కుల కోసం చదివి వదిలేసిన అధ్యాయం సరిగ్గా ఇదే. అక్కడ మైనస్ ఒకటి వర్గమూలాన్ని ఐ అని రాశావు, దాన్నే ఇక్కడ జె అంటున్నారు, ఎందుకంటే మనకు ఐ అంటే కరెంటు. నెట్‌వర్క్స్ పుస్తకం పక్కన పెట్టి రెండు వారాలు ఆ అధ్యాయం మీదే కూర్చో. ఆ తర్వాత ఏ లెక్కకైనా ముందు ఫేజర్ పటం, అంటే వోల్టేజిని, కరెంటును బాణాలుగా చూపే బొమ్మ, గీయి: కాయిల్‌లో కరెంటు వోల్టేజి కంటే వెనకబడుతుంది, కెపాసిటర్‌లో ముందుంటుంది. పటం గీయకుండా సూత్రంలో అంకెలు వేసే అలవాటే నన్ను ఆనాడు ముంచింది.

మూడో సంవత్సరం వచ్చేసరికి మెషీన్లు భయపెడతాయి. మన ఊరి గిర్నిలో మోటరు మీద రేకుపై 1440 అని ఉంటుంది, ఎప్పుడైనా గమనించావా? నాలుగు పోల్సు (అయస్కాంత ధ్రువాలు), 50 హెర్ట్‌జ్ అయితే దాని అయస్కాంత క్షేత్రం నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది. లోపల తిరిగే భాగమైన రోటరు 60 చుట్లు వెనకబడుతుంది, అంటే ఆ వెనకబాటు, మన భాషలో స్లిప్, 4 శాతం. రోటరు కూడా 1500 అందుకుంటే దానిలో కరెంటు పుట్టదు, తిప్పే బలమూ ఉండదు. వెనకబడటమే ఆ మోటరును నడుపుతుందని అర్థమైన రోజు నాకు ఆ సబ్జెక్టు మీద ప్రేమ పుట్టింది. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్కేంద్రంలో 100.8 మెగావాట్ల యూనిట్లు ఏడున్నాయి. కరెంటు పుట్టించే ఆ యంత్రాలే అవసరమైనప్పుడు మోటర్లుగా మారి నీటిని వెనక్కు తోడగలవు. పుస్తకంలో మోటరుకు ఒక అధ్యాయం, జనరేటరుకు ఒక అధ్యాయం ఉన్నా, యంత్రం మాత్రం ఒకటే.

ల్యాబులో రీడింగులు పక్కవాడి రికార్డు నుంచి ఎక్కించుకోవద్దు. ఇది నా ఆజ్ఞ అనుకో.

దసరాకు నల్లగొండ వచ్చేటప్పుడు తప్పిన ప్రశ్నపత్రం, తెల్ల కాగితాలు తెచ్చుకో. ఉదయం మొదటి ప్రశ్నతో కూర్చుందాం, సాయంత్రం సాగర్ పోయివద్దాం.

నీ మామ