ఆమె ఓర్పును పొగడకు

చిరంజీవికి ఆశీస్సులు.

ఎండోమెట్రియోసిస్‌తో (గర్భాశయపు లోపలి పొర లాంటిది దాని బయట పెరిగి నొప్పి పెట్టే జబ్బు) బాధపడే నల్లజాతి స్త్రీ మీద, పోటీ కోసం నువ్వు రాసిన కథ అందింది. షికాగో బస్సులో ఆమె కోటు లోపల వేడినీళ్ల సంచిని పొత్తికడుపుకు అదుముకుని కూర్చోవడం బాగుంది. ఆ తర్వాత ఆమెది భూదేవంత ఓర్పు అని రాశావు చూడు, అక్కడే కోపం వచ్చింది. పైగా మూడుచోట్ల!

నల్లజాతి స్త్రీ నొప్పిని తట్టుకోగలదన్న నమ్మకమే కదమ్మా ఆమెకు ఇన్నేళ్లూ వైద్యం అందకుండా చేసింది? 2016లో వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు తెల్లజాతి వైద్య విద్యార్థులనూ యువ డాక్టర్లనూ ప్రశ్నిస్తే, సుమారు సగం మంది నల్లవారి చర్మం మందం అన్నటువంటి అబద్ధాల్లో ఒకటైనా నమ్మారు. అలా నమ్మినవారు నల్లవారి నొప్పిని తక్కువగా అంచనా వేశారు. నీ పొగడ్త వాళ్ల పక్షాన నిలబడింది.

నీ డాక్టరు బల్ల గుద్ది అరుస్తాడెందుకు? మర్యాదగా పలకరించి, ఇన్ఫెక్షన్ అని రాసి, యాంటీబయాటిక్ ఇచ్చి పంపితే చాలు. జరిగింది అదే. 1930లు, 40లలో బోస్టన్‌లో జో మీగ్స్ అనే పేరున్న డాక్టరు, కలిగిన ఇళ్ల ఆడవాళ్లు పెళ్లినీ కాన్పులనూ వాయిదా వేయడం వల్లే ఎండోమెట్రియోసిస్ వస్తోందని వాదించాడు. దాంతో అది తెల్లవారింటి జబ్బయింది. నల్ల స్త్రీ అదే నొప్పితో వస్తే సుఖవ్యాధి వల్ల వచ్చిన ఇన్ఫెక్షన్ అనేవారు. అప్పట్లో లోపల చూస్తే తప్ప రూఢి కాని జబ్బు. అనుమానమే లేనప్పుడు ఎవరు చూస్తారు? డొనాల్డ్ చాట్‌మన్ అనే డాక్టరు లాపరోస్కోపీ (పొట్టకు చిన్న గాటు పెట్టి, సన్నని గొట్టంతో లోపల చూడటం) చేసి చూసి, 1976లో ఆ సంగతి ప్రచురించారు. ఆయన పరీక్షించిన నల్లజాతి స్త్రీలలో ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా అది బయటపడింది. వాళ్లలో చాలామందికి అంతకుముందు ఇన్ఫెక్షన్ అనే చెప్పి పంపారు.

ప్రసూతి వార్డులో కేకలు పెట్టే కూలిమనిషి కథ ఒకటి రాశాను. సంపాదకుడు నన్ను అడగకుండా కేకలన్నీ కొట్టేసి, ఆమె మౌనంగా బిడ్డను కన్నట్టు మార్చేశాడు. పాఠకులేమో ఆమె సహనానికి దండం పెడుతూ ఉత్తరాలు రాశారు. ఇప్పటికీ కడుపు మండుతుంది. ఇవాళ్టి ప్రత్యేక సంచికలవాళ్లూ అంతే. కన్నీళ్లుంటే అచ్చువేస్తారు, కోపముంటే నినాదమని తిప్పి పంపుతారు.

పోటీ సంగతి తర్వాత చూద్దాం. చివర్లో ఆమె తలవంచుకుని గది బయటికి వచ్చేస్తుంది కదా, రానివ్వకు. ‘లాపరోస్కోపీ ఎందుకు వద్దంటున్నారో నా ఫైల్లో రాయండి’ అని అడగనివ్వు. డాక్టరు పెన్ను పట్టుకుని ఏం రాస్తాడో రాసి, మళ్లీ పంపు.