మీ ప్రశ్న – నా జవాబు: భోర్ ఘాట్ సొరంగాలు

ప్రశ్న: మాది షోలాపూర్. ముంబై వెళ్లేటప్పుడు లోనావాలా దాటగానే సొరంగాలు మొదలవుతాయి. మా పిల్లలు ఒకటే కేకలు. ఆ చీకటి గుహల్ని వారసత్వ కట్టడాలంటున్నారు, అంత గొప్పేముందండీ? – ఒక పాఠకురాలు

జవాబు: చాలా ఉందమ్మా. పీడబ్ల్యూఐగా, అంటే రైలు పట్టాల బాగోగులు చూసే ఇన్‌స్పెక్టరుగా, కొండల్లో వానాకాలం డ్యూటీలు చేసినవాణ్ణి, ఆ దారి విలువ నాకు తెలుసు. ముంబైలో మీరు దిగే శివాజీ టెర్మినస్‌కు 2004లో యునెస్కో గుర్తింపు వచ్చింది. దక్కన్ పత్తిని రేవుకు దించి ఆ నగరాన్ని పెంచిన ఈ భోర్ ఘాట్ కొండదారికి మాత్రం రాలేదు.

పని 1856లో మొదలై, 1863 ఏప్రిల్‌లో లైను తెరిచారు. పాతిక కిలోమీటర్లలో 550 మీటర్లకు పైగా ఎక్కాలి. కొన్నిచోట్ల 37 అడుగులకు అడుగు ఎత్తు! అందులో 25 సొరంగాలు. కొండంతా గట్టి నల్లరాయి. డైనమైట్ ఇంకా పుట్టలేదు. చేత్తో సుత్తి దెబ్బలు వేసి బెజ్జం చెయ్యాలి, తుపాకిమందు కూరాలి, వత్తి అంటించి పరుగెత్తాలి. నిలబడే చోటు లేకపోతే మనిషిని తాడు కట్టి కొండ అంచు నుంచి దించేవారు. 1861లో 42 వేలమంది దాకా పనిచేశారు. కలరాకు, ప్రమాదాలకు వేలమంది పోయారు. వాళ్ల పేర్లు మనదాకా రాలేదు. కాంట్రాక్టరు సాలమన్ ట్రెడ్‌వెల్ 1859లో వచ్చిన కొన్ని వారాలకే చనిపోతే, ఆయన భార్య ఆలిస్ కాంట్రాక్టు తన చేతికి తీసుకుని ఇంజినీర్లను పెట్టి పూర్తి చేయించింది. ఆమె సంగతి మీ పిల్లలకు తప్పకుండా చెప్పండి.

తిరుగు ప్రయాణం పగటి బండికి పెట్టుకోండి. కర్జత్‌లో బండిని వెనక నుంచి ఎత్తుకు నెట్టే బ్యాంకర్ ఇంజిన్లు తగిలించేటప్పుడు చిన్న కుదుపు తెలుస్తుంది. అక్కణ్ణుంచి కిటికీ వదలకండి. లైనింగ్ (లోపలి తాపడం) లేనిచోట సొరంగం గోడ నున్నగా ఉండదు, రాయి పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంటుంది. మందుతో పేల్చి తొలిచిన రాయి అలాగే ఉంటుంది.

అక్కడే రోడ్డు మీద అమృతాంజన్ బ్రిడ్జి ఉండేది. మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి అమృతాంజనం ప్రకటన వల్ల ఆ పేరొచ్చింది. సుమారు 190 ఏళ్ల ఆ వంతెనను ట్రాఫిక్‌కు అడ్డమని 2020 ఏప్రిల్‌లో కూల్చేశారు. సొరంగాల్లో బళ్లు తిరుగుతున్నాయి కాబట్టి వాటికింకా ఆయుష్షుంది. 1929లో రైలు దారి మార్చినప్పుడు పక్కనపడ్డ పాత భాగాల మాటే నాకు దిగులు. ఒక్కోచోటా కట్టిన ఏడాది, పోయిన కూలీల ప్రస్తావన ఉన్న రాతిపలక పెట్టించాలి. ఖండాలా ప్లాట్‌ఫాం మీద ఒకటి ముందు పెట్టించమని మీరూ రైల్వేకు ఉత్తరం రాయండి.