అంతర్జాతీయ అభివృద్ధి రంగంలో ఇంటర్న్‌షిప్: హైదరాబాద్‌లో ఉన్నవారు ఎక్కడ మొదలుపెట్టాలి?

ఉస్మానియాలో ఎంఏ ఎకనామిక్స్ చదువుతున్నానని, ఐక్యరాజ్యసమితి సంస్థలకూ విదేశీ విశ్వవిద్యాలయాలకూ ఎన్ని దరఖాస్తులు పెట్టినా జవాబు రావడం లేదని, విదేశాల్లో తెలిసినవారు లేనివారికి ఈ రంగంలో చోటు దొరుకుతుందా అని మీరు అడిగారు. నేనూ ఈ ఊళ్లోనే చదువుకుని, గ్రామాల్లో సర్వే బృందాలతో తిరిగి, ఇప్పుడు ఒక పరిశోధన ప్రాజెక్టులో ఇంటర్న్‌ల దరఖాస్తులు చదివే పనిలో ఉన్నాను. తెలిసినవారు లేకపోవడం పెద్ద అడ్డంకి కాదని నా అనుభవం. చాలా దరఖాస్తుల్లో ఆసక్తి గురించి పేజీలకు పేజీలు ఉంటుంది గానీ, ఆ విద్యార్థి చేసిన పని ఒక్కటీ జతచేసి ఉండదు.

ముందు ఐక్యరాజ్యసమితి సంగతి. న్యూయార్క్, జెనీవాలలోని సచివాలయ ఇంటర్న్‌షిప్‌లకు జీతం ఉండదు; ప్రయాణం, వీసా, బస, బీమా అన్నీ అభ్యర్థే చూసుకోవాలి. యూనిసెఫ్, యూఎన్‌డీపీ వంటివి స్టైపెండ్ ఇస్తాయి కాబట్టి అన్నింటినీ ఒకే గాటన కట్టకుండా ఏ ప్రకటనకు ఆ ప్రకటన చదువుకోండి. ఏ దశలోనూ ఐక్యరాజ్యసమితి అభ్యర్థి నుంచి రుసుము తీసుకోదు. ఫీజు కడితే యూఎన్ సర్టిఫికెట్ ఇప్పిస్తామంటూ వాట్సాప్‌లో తిరిగే పోస్టర్ల జోలికి వెళ్లకండి.

ఇక పరిశోధన విషయానికొస్తే, ప్రపంచంలో చాలామంది విద్యార్థులు దూరం నుంచి చదివే విషయాలు మనకు సిటీ బస్సు దూరంలో ఉన్నాయి. పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, 1975 నుంచి దక్కను గ్రామాల్లో కుటుంబాల ఆదాయవ్యయాలను, సాగును నమోదు చేస్తూ వచ్చింది. మహబూబ్‌నగర్ ప్రాంతంలోని డోకూర్ ఆ గ్రామాల్లో ఒకటి. 2002లో మొదలైన యంగ్ లైవ్స్ అధ్యయనం ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు మన రెండు తెలుగు రాష్ట్రాల పిల్లలను కూడా ఏళ్ల తరబడి అనుసరించింది. నాలుగు దేశాల్లో కలిపి సుమారు 12,000 మంది పిల్లలున్న ఈ అధ్యయనంలో బేగంపేటలోని సెస్ (ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం) భాగస్వామి. 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో సహరచయితలతో కలిసి సూక్ష్మరుణాలపై 2015లో ప్రచురించిన పత్రం హైదరాబాద్‌లోని 104 బస్తీల మీద జరిగిన ప్రయోగమే. అప్పు అందుబాటులోకి వచ్చినా కుటుంబాల సగటు వినియోగం చెప్పుకోదగ్గంతగా పెరగలేదని అందులో తేలింది.

ఇక్రిశాట్, యంగ్ లైవ్స్ గణాంకాలు, పేరు నమోదు చేసుకున్న విద్యార్థులకు ఉచితంగా దొరుకుతాయి. వాటిలోంచి ఒక చిన్న ప్రశ్న ఎంచుకుని, ఉచితంగా లభించే ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లోనో, కాలేజీ ల్యాబ్‌లో ఉంటే స్టేటాలోనో విశ్లేషించి, ఐదారు పేజీల పత్రం రాసి, వాడిన కోడ్‌తో సహా జతచేయండి. ఫలితం గొప్పగా ఉండనక్కరలేదు. మరొకరు ఆ కోడ్ నడిపితే అవే పట్టికలు రావాలి, అంతే. ఆన్‌లైన్ కోర్సుల సర్టిఫికెట్లు పది పెట్టినా దానికి సాటి రావు.

క్షేత్రానుభవం విలువ ఎలాంటిదో ఒక ఉదాహరణ చెబుతాను. పాలమూరు వైపు రైతును భూమి ఎంత అని అడిగితే "రెండెకరాల పది గుంటలు" అంటాడు. సర్వే చేసే కుర్రాడు ట్యాబ్‌లో 2.10 అని కొట్టేస్తాడు. ఎకరానికి నలభై గుంటలు కాబట్టి అది 2.25 కావాలి. అదే కృష్ణా జిల్లాలో రెండెకరాల పది సెంట్లు అంటే నిజంగానే 2.10. రెండు ప్రాంతాల గణాంకాలను కలిపి చూసే విదేశీ పరిశోధకుడికి ఈ తేడా స్క్రీన్ మీద కనిపించదు. ఇంటర్వ్యూలో ఇలాంటిది మీ అనుభవంలోంచి ఒక్కటి చెప్పగలిగితే, మీరు ఏ పనికి పనికొస్తారో ఎదుటివారికి వెంటనే అర్థమవుతుంది. అందుకోసం ఏ సర్వేలోనైనా సరే, ఎన్యూమరేటర్‌గా (ఇళ్లకు వెళ్లి ప్రశ్నలడిగి జవాబులు నమోదు చేసే పనిలో) కొన్నాళ్లు పనిచేయడాన్ని చిన్నతనంగా భావించకండి.

ఉత్తరం గురించి కూడా ఒక మాట. ఇరవై మంది ప్రొఫెసర్లకు ఒకేసారి పంపిన "రెస్పెక్టెడ్ సర్" ఉత్తరాన్ని ఎవరూ పూర్తిగా చదవరు (గ్రహీతల్లో సగం మంది మేడమ్‌లే అయినా అందులో మార్పు ఉండదు). ఒక్కరినే ఎంచుకుని, వారి పత్రంలోని ఫలానా పట్టిక చూసి మీకు కలిగిన సందేహం రెండు వాక్యాల్లో రాసి, మీ పత్రం జతచేసి, ఏ నెల నుంచి ఏ నెల వరకు పనిచేయగలరో చెప్పండి. వేసవికి చోటు కావాలంటే ఆ ఉత్తరం సంక్రాంతిలోపే వెళ్లాలి. రాజేంద్రనగర్‌లోని ఎన్‌ఐఆర్‌డీ (జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ) వంటి ప్రభుత్వ సంస్థలకు రాసేటప్పుడు మీ విభాగాధిపతి సంతకంతో బోనఫైడ్ లేఖ కూడా దగ్గర ఉంచుకోండి. అది సెలవులు మొదలయ్యాక దొరకడం కష్టం.