ఇచ్చిన అక్షరాలున్న ఇంగ్లీషు పదాలను వెతకడం ఎలా?

కొన్ని అక్షరాలు చేతికిస్తే, అవన్నీ ఉన్న ఇంగ్లీషు పదాలను ఎలా పట్టుకోవాలని అడిగారు. పిల్లల కోసం పదక్రీడలు తయారుచేస్తుంటాను కాబట్టి ఈ వెతుకులాట నాకు నిత్యం ఉండేదే. నేను చూసినంతవరకు సగం సమయం ఒక్క కారణంగానే వృథా అవుతుంది: అక్షరాలు ‘ఉండాలి’ అంటే ఏ విధంగా ఉండాలో ముందుగా తేల్చుకోకపోవడం.

ఎ, ఆర్, టి అనే మూడు అక్షరాలే తీసుకోండి. ఆ మూడింటితోనే పదం పూర్తి కావాలంటే ర్యాట్, ఆర్ట్, టార్ వస్తాయి. వేరే అక్షరాలు కలిసినా ఫరవాలేదంటే వాటర్, హార్ట్, ట్రెయిన్ వంటివి వందలకొద్దీ ఉంటాయి. మూడూ అదే వరుసలో, పక్కపక్కనే ఉండాలంటే పార్టీ, స్టార్ట్ నిలుస్తాయి, వాటర్ ఎగిరిపోతుంది. ఒక అక్షరాన్ని రెండుసార్లు వాడుకోవచ్చా అనేది మరో చిక్కు. అక్షరాల బిళ్లలతో పదాలు పేర్చే స్క్రాబుల్ ఆటలో చేతిలో ఎన్ని బిళ్లలుంటే అన్నే. న్యూయార్క్ టైమ్స్ వారి స్పెల్లింగ్ బీ ఆటలో మాత్రం ఇచ్చిన ఏడు అక్షరాలను ఎన్నిసార్లైనా వాడుకోవచ్చు, కాకపోతే నడిమి గడిలో ఇచ్చిన అక్షరం తప్పకుండా ఉండాలి. మీది వీటిలో ఏ రకమో తేలితే దారి దానంతటదే తెలుస్తుంది.

మొదటి రకానికి, అంటే ఉన్న అక్షరాలనే తిరగేసి పేర్చడానికి, ఒక చక్కని కిటుకు ఉంది. పదంలోని అక్షరాలను ఇంగ్లీషు అక్షరక్రమంలో పేర్చి రాయండి. లిసన్ అనే మాటను అలా పేరిస్తే ఇ, ఐ, ఎల్, ఎన్, ఎస్, టి అవుతుంది. సైలెంట్, ఎన్‌లిస్ట్, టిన్సెల్, ఇన్‌లెట్స్ పదాలను పేర్చినా సరిగ్గా ఇదే వరుస వస్తుంది. ఆరు వేర్వేరు అక్షరాలను 720 రకాలుగా అమర్చవచ్చు. ఆ 720నీ పరీక్షించడం కంటే, నిఘంటువులోని ప్రతి పదాన్నీ ముందే ఇలా పేర్చి ఉంచుకుని ఒకే వరుస ఉన్నవాటిని జతచేయడం కంప్యూటర్‌కు ఎంతో తేలిక. కాగితం మీద అయితే నేను అక్షరాలను వరుసగా రాయను, గుండ్రంగా రాస్తాను. వరుసగా రాస్తే కన్ను ఆ క్రమానికే అతుక్కుపోతుంది.

అసలు కష్టం రెండో రకంతోనే. ఇక్కడ అన్నిటికంటే అరుదైన అక్షరంతో మొదలుపెట్టండి. ఏది అరుదో తెలియాలంటే స్క్రాబుల్ బిళ్లలు చూస్తే చాలు. ఆ ఆటను రూపొందించిన ఆల్‌ఫ్రెడ్ బట్స్ వార్తాపత్రికల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో కూర్చుని లెక్కపెట్టాడు. అందుకే 100 బిళ్లల్లో ఇ అక్షరానికి 12 ఉంటే, క్యూ, జెడ్‌లకు చెరొకటే ఉంది, విలువ 10 చొప్పున. క్యూ, కె, ఎ ఇచ్చారనుకోండి. ఎ గురించి మరిచిపోండి, అది ఎక్కడైనా ఉంటుంది. క్యూ పక్కన దాదాపు ఎప్పుడూ యు ఉంటుంది కాబట్టి ఆ జంటను పట్టుకుని, చివర కె పెట్టి చూస్తే క్వాక్, స్క్వీక్, స్క్వాక్ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. యు లేకుండా క్యూ ఉన్న నికాబ్ వంటి పదాలు కొన్ని ఉన్నాయి గానీ, అవి ఎక్కువగా అరువు మాటలు.

అక్షరాలను విడివిడిగా చూడటం మానేసి ఇంగ్లీషులో అలవాటుగా కలిసి తిరిగే గుంపులుగా చూడటం నాకు బాగా కలిసివచ్చిన పద్ధతి. సి, కె, టి ఇవ్వగానే సి, కె, ఇ, టి అనే తోకను ఊహిస్తాను: టికెట్, జాకెట్, పాకెట్, రాకెట్, బకెట్. జి, హెచ్, టి అయితే లైట్, నైట్, బాట్. వాటికి ఎన్ కూడా చేరితే లెంగ్త్, స్ట్రెంగ్త్ కూడా గుర్తుకు రావాలి. అచ్చులతో మాత్రం ఇలా పెద్దగా పని జరగదు. అయిదు అచ్చులూ ఒకే పదంలో కావాలని అడిగితే అది వేరే సరదా: ఎడ్యుకేషన్, సెక్వోయా, ఇంకా అచ్చులన్నీ క్రమం తప్పకుండా వచ్చే ఫసీషియస్.

మనకు ప్రత్యేకంగా ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. తెలుగులో రాసినదే పలుకుతాం గనుక, ఇంగ్లీషు పదాన్ని కూడా చెవితోనే వెతుకుతాం. బి, డి, టి ఇస్తే డెబిట్ వెంటనే తడుతుంది, డెట్, డౌట్ తట్టవు, ఎందుకంటే వాటిలో బి వినిపించదు. కె, ఎన్, టి అన్నప్పుడు నాట్, నిట్ మాటల్లో మొదట దాగిన కె కూడా అంతే. ఐలాండ్‌లో ఎస్, కీర్తన అనే అర్థమున్న సామ్‌లో పి ఇలాంటివే. పలకని అక్షరాలున్న పదాల పట్టిక ఒకటి విడిగా రాసుకుని దగ్గర పెట్టుకోండి. ఎన్నిసార్లు ఉపయోగపడుతుందో మీరే చూస్తారు.

కంప్యూటర్ సాయం తీసుకోవాలంటే, చాలా నిఘంటువుల వెతుకు పెట్టెల్లో నక్షత్రం గుర్తు ఎన్ని అక్షరాలకైనా, ప్రశ్నార్థకం ఒక్క అక్షరానికి నిలుస్తాయి. ఇవి వరుస తెలిసినప్పుడు పనికొస్తాయి. వరుస తెలియని మూడు అక్షరాలకు ఆరు అమరికలు ఉంటాయి కాబట్టి, ఒకే నమూనా రాయాలని తంటాలు పడకండి. పదాల జాబితాను మొదటి అక్షరంతో వడగట్టి, మిగిలినదాన్ని రెండో దానితో, ఆపైన మూడో దానితో వడగట్టండి. లినక్స్ వాడేవారు, ఇచ్చిన అక్షరమున్న పదాలను వడగట్టే గ్రెప్ ఆదేశాన్ని మూడుసార్లు గొలుసుగా కలిపితే సరిపోతుంది. రెండు టి లు కావలసినప్పుడు టి తో రెండుసార్లు వడగట్టి లాభం లేదు, ఒకే టి ఉన్న పదం కూడా రెండుసార్లూ నెగ్గుతుంది. టి, చుక్క, నక్షత్రం, మళ్లీ టి అని ఒకే నమూనాగా ఇవ్వాలి (గ్రెప్‌లో చుక్క, నక్షత్రం కలిస్తేనే ఎన్ని అక్షరాలకైనా నిలుస్తాయి).

జాబితా ఎంపికలోనూ జాగ్రత్త అవసరం. ఆటల పోటీలకు తయారైన జాబితాల్లో ఎవరూ మాట్లాడని పదాలు కుప్పలుగా ఉంటాయి. పోటీకి వెళ్తుంటే అవే కావాలి. పిల్లల పాఠానికైతే మామూలు విద్యార్థి నిఘంటువు చాలు. అక్షరాలు నింపితే పదాలు కుమ్మరించే వెబ్‌సైట్లను నేను చివర్లో, ఏమైనా వదిలేశానేమో చూడటానికే తెరుస్తాను. ముందే తెరిస్తే వచ్చిన వందల పదాల్లో ఏది పనికొస్తుందో ఏరుకోవడం మరో పని అవుతుంది.

మీరు దాచిన పదాన్ని ఊహించే వర్డిల్ ఆట కోసం అడిగి ఉంటే, ఉన్న అక్షరాలతో పాటు లేవని తేలిన అక్షరాలనూ వడపోతలో చేర్చండి. పదానికి అయిదే అక్షరాలు, అవకాశాలు ఆరే కాబట్టి అక్కడ లేని అక్షరాలను చూపే బూడిద రంగు గళ్లు కూడా గట్టి ఆధారమే. గ్రెప్‌లో వి అనే ఐచ్ఛికం పెడితే ఆ అక్షరమున్న పదాలన్నీ తొలగిపోతాయి. ఒకే ప్రయత్నంలో ఒకే అక్షరం ఒకచోట పసుపుగా (పదంలో ఉంది గానీ చోటు వేరు అని), మరోచోట బూడిదగా వచ్చిందంటే, అది పదంలో ఒక్కసారే ఉందని అర్థం. అలాంటి అక్షరాన్ని ఈ తొలగింపులో చేర్చకండి.