క్షయకరణం చెందుతుందా, చేస్తుందా?

సందేహం: మా అమ్మాయి ఇంటర్ నోట్సులో "సక్సినేట్ నుంచి హైడ్రోజన్లు తీసుకుని ఎఫ్‌ఏడీ క్షయకరణం చెంది ఎఫ్‌ఏడీహెచ్2 అవుతుంది" అని ఉంది. రెండు హైడ్రోజన్లు వచ్చి చేరుతుంటే క్షయం ఏమిటండీ? "క్షయకరణం చేస్తుంది" అని దిద్దవచ్చా? అలాగే ఎలక్ట్రాన్ల బదిలీ అనాలా, రవాణా అనాలా?

సమాధానం: దిద్దకండి, వాక్యం తిరగబడుతుంది. ఎలక్ట్రాన్లు పొందడం క్షయకరణం, పోగొట్టుకోవడం ఆక్సీకరణం. "చేస్తుంది" అంటే ఎదుటిదాన్ని చేస్తుందని. ఇక్కడ ఎఫ్‌ఏడీ (కణంలో ఎలక్ట్రాన్లను మోసే అణువు) సక్సినేట్‌ను ఆక్సీకరణం చేస్తుంది, తాను క్షయకరణం చెందుతుంది, సక్సినేట్ ఫ్యూమరేట్‌గా మారుతుంది. అదే ఎఫ్‌ఏడీహెచ్2 తన ఎలక్ట్రాన్లను ముందుకు అందించేటప్పుడైతే అది క్షయకరణి, అప్పుడు "చేస్తుంది" అనడం సబబే.

ఇక క్షయం సంగతి. ఖనిజం నుంచి లోహం తీసేటప్పుడు ఆక్సిజన్ పోయి బరువు తగ్గేది, ఆ తగ్గుదలే ఈ మాటలో ఉండిపోయింది. ఇప్పుడు లెక్క బరువుతో కాదు, ఆక్సీకరణ సంఖ్యతో, అంటే పరమాణువు ఎన్ని ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్నట్టో చెప్పే సంఖ్యతో. ఎలక్ట్రాన్‌ది రుణావేశం కాబట్టి అది వచ్చి చేరితే ఆ సంఖ్య తగ్గుతుంది, అణువు మాత్రం కాస్త పెరుగుతుంది. నిజం చెప్పాలంటే మాట అంత గొప్పగా కుదరలేదు, కానీ పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయింది, పిల్లల మార్కులు దాని మీదే ఉన్నాయి.

ఎఫ్‌ఏడీ లాంటి ఫ్లేవిన్ల విషయంలో తగ్గేది కంటికి కనిపిస్తుంది కూడా. లాటిన్‌లో ఫ్లావస్ అంటే పసుపుపచ్చ. ఎఫ్‌ఏడీ, దానిలాంటిదే అయిన ఎఫ్‌ఎంఎన్ రెండూ బి2 విటమిన్, అంటే రైబోఫ్లేవిన్ నుంచి తయారవుతాయి (పాలు విరిగినప్పుడు తేలే నీళ్లకు ఆ లేత ఛాయ దానివల్లే). ఫ్లేవిన్‌లో ఉండే మూడు వలయాల నిర్మాణంలో రెండు నైట్రోజన్ల దగ్గర హైడ్రోజన్లు చేరగానే పసుపు రంగు దాదాపు పోతుంది.

బదిలీ, రవాణా రెండూ ఉంచుకోండి. ఒకదాని నుంచి ఇంకొకదానికి ఇస్తే బదిలీ, మైటోకాండ్రియా (కణంలో శక్తి తయారయ్యే భాగం) లోపొరలో వరసగా చేతులు మారుతూ పోయేదంతా కలిపితే రవాణా. ఈ వరసకు ఎలక్ట్రాన్లు తెచ్చే ఎన్‌ఏడీహెచ్ అనే అణువు రెండు ఎలక్ట్రాన్లనూ ఒకేసారి ఇచ్చేస్తుంది, తర్వాత ప్రోటీన్లలో ఉన్న ఇనుము-గంధకం గుంపులేమో ఒకసారికి ఒక్కటే పట్టుకోగలవు. మధ్యలో ఎఫ్‌ఎంఎన్ రెండూ తీసుకుని విడివిడిగా అందిస్తుంది, ఒకటి ఇచ్చి ఒకటి మిగిలిన దశను సెమీక్వినోన్ అంటారు. కాబట్టి నోట్సులో "ఎఫ్‌ఎంఎన్ ఎలక్ట్రాన్లను అందిస్తుంది" అని ఉంటే "ఒక్కొక్కటిగా" అన్న మాట చేర్పించండి, అసలు దిద్దాల్సింది అక్కడ.