థిన్ మింట్ కరకర, సమోవా పాకం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అమెరికాలో ఏటా జనవరి నుంచి ఏప్రిల్ దాకా గర్ల్ స్కౌట్ పిల్లలు కుకీలు అమ్ముతారు. ఇంటింటికీ తిరుగుతారు, దుకాణాల ముందు బల్ల వేసుకుని నిలబడతారు. మిగిలిన డబ్బుతో తమ దళం క్యాంపులు, సేవా కార్యక్రమాలు నడుపుకుంటారు. అక్కడి మన తెలుగు పిల్లలూ ఈ దళాల్లో ఉండటంతో వేసవి సెలవుల సూట్‌కేసుల్లో ఆ డబ్బాలు ఇక్కడిదాకా వస్తున్నాయి. వాటిలో పిప్పర్‌మెంట్ చాక్లెట్ పూత వేసిన థిన్ మింట్స్, కారమెల్ కొబ్బరి పెట్టిన సమోవాలు, పల్లీ ముద్ద పెట్టి చాక్లెట్‌లో ముంచిన ట్యాగలాంగ్స్, మూడాకుల ఆకారపు ట్రెఫాయిల్స్ ఉంటాయి. డబ్బా ఖాళీ అయ్యాక ఇంట్లో చేసుకోవడం ఎలా అని చాలామంది రాశారు. ఎక్కువమందికి పనికొచ్చే ప్రశ్నలు ఇక్కడ తీసుకున్నాం.

ప్రశ్న: థిన్ మింట్స్ చేయబోయి పుదీనా ఆకు రసం పిండిలో కలిపాను. బిస్కెట్ మెత్తగా వచ్చింది, పచ్చడి వాసన కొట్టింది. పైగా చాక్లెట్‌లో రెండు చుక్కల రసం వేయగానే అది ముద్దకట్టింది. ఎక్కడ తప్పింది? మాది గుడ్డు తినని ఇల్లు. (పాఠకురాలు, విజయవాడ)

జవాబు: మన వంటింటి పుదీనా వేరు, పిప్పర్‌మెంట్ వేరు. రెండూ ఒకే కుటుంబం మొక్కలే గానీ, నాలుక మీద చల్లగా తగిలే మెంథాల్ పిప్పర్‌మెంట్‌లోనే బాగా ఉంటుంది. పుదీనా వాసన మనకు చట్నీనీ బిర్యానీనీ గుర్తుచేస్తుంది. ఆకు రసమంటే చాలావరకు నీళ్లే కాబట్టి బిస్కెట్ కరకర పోయింది. కరిగిన చాక్లెట్‌లో కాస్త నీరు పడినా అందులోని పంచదార, కోకో రేణువులు ఆ తడికి ఒకదానికొకటి అంటుకుని గట్టిపడతాయి. మీ చాక్లెట్ ముద్దకట్టింది అందుకే. వంటకు పనికొచ్చే పిప్పర్‌మెంట్ నూనె కొనండి. సీసా మీద ‘ఎసెన్స్’ అని ఉంటే లోపల నీరుందేమో చదివి చూసుకోండి.

గుడ్డు గురించి దిగులు వద్దు. అమెరికాలో అమ్మే థిన్ మింట్స్‌లో గుడ్డు, పాలు రెండూ ఉండవు. మనం వెన్న వాడతాం, అంతే తేడా.

సుమారు 60 బిస్కెట్లకు కొలతలు: ఉప్పులేని వెన్న 100 గ్రాములు, పంచదార పొడి 90, మైదా 130, తీపి లేని కోకో 40, ఉప్పు పావు టీస్పూను, వెనిల్లా ఒక టీస్పూను, పాలు ఒకటి రెండు టేబుల్ స్పూన్లు. వెన్న, పంచదార పొడి కలిపి, జల్లించిన మైదా, కోకో వేసి, ముద్ద కట్టేంతవరకే పాలు చిలకరించండి. చపాతీ పిండిలా మర్దించవద్దు. మర్దిస్తే మైదాలో జిగురు సాగి, బిస్కెట్ కాలేటప్పుడు ముడుచుకుంటుంది, కొరికితే గట్టిగా తగులుతుంది. ముద్దను రెండు బటర్ పేపర్ల మధ్య 3 మిల్లీమీటర్ల మందాన ఒత్తి, అలాగే అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. తర్వాత నాలుగున్నర సెంటీమీటర్ల మూతతో కోసి, 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర 11 నుంచి 13 నిమిషాలు కాల్చండి.

కోకో నలుపులో కాలిందో లేదో కంటికి తెలియదు. అంచు వేలితో నొక్కితే గట్టిగా ఉండాలి. పది నిమిషాలు చల్లార్చి ఒకటి విరిచి చూడండి. ‘టక్’మనకుండా వంగిందంటే లోపల తేమ మిగిలినట్టే. మళ్లీ ట్రేలో పరిచి 150 డిగ్రీల దగ్గర నాలుగైదు నిమిషాలు ఉంచితే సరిపోతుంది. ఈ రెండో విడత కాల్పు అవసరమైతే మానవద్దు. పైపూత వేశాక లోపలి మెత్తదనాన్ని సరిచేసే దారి లేదు.

పూతకు డార్క్ కాంపౌండ్ (కోకో వెన్న బదులు వేరే కొవ్వుతో చేసే చాక్లెట్) 300 గ్రాములు, వాసన లేని కొబ్బరినూనె ఒక టీస్పూను. వేడినీళ్ల గిన్నె మీద కరిగించి పిప్పర్‌మెంట్ నూనె 8 చుక్కలు వేసి రుచి చూడండి. చాలకపోతే ఒక్కో చుక్క పెంచుకోండి. నూనెను పిండిలో వేస్తే పొయ్యి వేడికి వాసన చాలావరకు ఎగిరిపోతుంది, అందుకే పూతలోనే వేయాలి. బిస్కెట్‌ను ఫోర్కు మీద ఉంచి ముంచి, గిన్నె అంచుకు రెండుసార్లు తట్టి, అడుగు గీసి, బటర్ పేపర్ మీద పెట్టండి. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి బిస్కెట్‌ను ముంచకండి. గది వేడికి వచ్చేసరికి పూత నెర్రెలిస్తుంది.

ప్రశ్న: సమోవాల మీది కారమెల్ కొబ్బరి మర్నాటికి జారి ట్రేలోకి దిగిపోయింది. రెండోసారి పాకం ముదరబెడితే పళ్లకు అతుక్కుపోయింది. సరైన పాకం ఏది? క్రీమ్ బదులు బెల్లం వాడొచ్చా? పచ్చికొబ్బరి వేయొచ్చా? (పాఠకురాలు, కాకినాడ)

జవాబు: అరిసెల పాకం తెలిసినవారికి ఇది కష్టం కాదు. అరిసెలకు పట్టే ఉండపాకం చల్లటి నీళ్లలో వేస్తే మెత్తటి ఉండ అవుతుంది, వేళ్ల మధ్య ఒత్తితే చదునైపోతుంది. సమోవాకు అది లేత. అదే మొదటిసారి జారిపోయింది. పల్లీ చిక్కీ పాకం నీళ్లలో పడగానే గట్టిపడి, పళ్లేనికి వేసి కొడితే చప్పుడవుతుంది. అది మరీ ముదురు. కావలసింది ఈ రెంటికీ మధ్యది: నీళ్లలోంచి తీసిన ఉండ తన ఆకారం నిలుపుకోవాలి, గట్టిగా నొక్కితే మాత్రం లొంగాలి. థర్మామీటరుంటే 118 డిగ్రీలు. అక్కడి నుంచి ముదరడానికి నిమిషం కూడా పట్టదు, పరీక్ష చేసే ప్రతిసారీ గిన్నెను పొయ్యి మీంచి దించండి.

సుమారు 30 కుకీలకు ముందు అడుగు బిస్కెట్: వెన్న 115 గ్రాములు, పంచదార పొడి 60, మైదా 160, చిటికెడు ఉప్పు, వెనిల్లా అర టీస్పూను, పాలు ఒక టేబుల్ స్పూను. అర సెంటీమీటరు మందాన ఒత్తి, 5 సెంటీమీటర్ల వెడల్పున కోసి, కేకు మీద పువ్వులు వేసే నాజిల్ వెనకవైపుతో నడిమిన చిల్లు పెట్టండి. చిల్లు ఒకటిన్నర సెంటీమీటర్లకు తగ్గితే కాలేటప్పుడు పూడుకుపోతుంది. 170 డిగ్రీల దగ్గర 12 నుంచి 14 నిమిషాలు, అంచులు లేత బంగారు రంగు వచ్చేదాకా కాల్చండి.

కొబ్బరికి బేకరీ సరుకుల దుకాణంలో దొరికే పొడి కొబ్బరి కోరు 130 గ్రాములు తీసుకుని, మందపాటి మూకుడులో సన్నని సెగ మీద కదుపుతూ ఆరేడు నిమిషాలు వేయించండి. గోధుమ రంగుకు ఒక మెట్టు ముందే పళ్లెంలోకి తీసేయండి, మూకుడు వేడికే ఇంకా రంగు ఎక్కుతుంది. పచ్చికొబ్బరి వద్దు. ఎంత వేయించినా లోపల తేమ మిగిలి కారమెల్‌ను పలచన చేస్తుంది, అడుగు బిస్కెట్ నానుతుంది, మన ఎండలకు రెండో రోజుకే పులుపు తిరుగుతుంది. ఇంట్లో ఎండుకొబ్బరి చిప్ప ఉంటే సన్నగా తురిమి వాడుకోవచ్చు. ముక్కవాసన లేకుండా చూసుకోండి.

కారమెల్‌కు పంచదార 150 గ్రాములను నీళ్లు పోయకుండా మందపాటి గిన్నెలో సన్నని సెగ మీద కరగనివ్వండి. రాగి రంగు రాగానే దించి, పక్కన వేడిచేసి ఉంచుకున్న ఫ్రెష్ క్రీమ్ 120 మిల్లీలీటర్లు కొంచెం కొంచెంగా పోయండి. చల్లటి క్రీమ్ పోస్తే పంచదార ఒక్కసారిగా గడ్డకడుతుంది, చేతి మీదికి చిమ్ముతుంది కూడా. ఇది నూనె చుక్క కన్నా బాగా కాలుతుంది, పిల్లల్ని పొయ్యి దగ్గరికి రానివ్వకండి. వెన్న 45 గ్రాములు, ఉప్పు పావు టీస్పూను వేసి మళ్లీ పొయ్యి మీద పెట్టి పైన చెప్పిన పాకం రానివ్వండి. పాల మీగడ వాడాలనుకుంటే మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి వడకట్టాలి, లేకపోతే తరకలు పలుకులుగా తగులుతాయి.

కొబ్బరి కలిపి వేడిగా ఉండగానే, వేళ్లకు వెన్న రాసుకుని ఒక్కో బిస్కెట్ మీద రెండు టీస్పూన్ల ముద్ద సర్దండి. చిల్లు మీద పడిన దాన్ని పుల్లతో తోసేయండి. మధ్యలో ముద్ద గట్టిపడితే గిన్నెను మరుగుతున్న నీళ్ల మీద పెట్టండి. అప్పటికీ లొంగకపోతే ఒక టీస్పూను వేడి క్రీమ్ కలపండి. పూర్తిగా చల్లారాక 200 గ్రాముల డార్క్ కాంపౌండ్ కరిగించి, అడుగు ముంచి, మిగిలినది కాగితపు కోనుతో పైన చారలు గీయండి.

బెల్లం సంగతి: పరమాన్నంలో బెల్లం ఎందుకు దించాక వేస్తామో మీకు తెలుసు. వేడి పాలు విరిగినట్టే క్రీమ్ కూడా విరగవచ్చు. బెల్లమే కావాలంటే 150 గ్రాములు పావు కప్పు నీళ్లలో కరిగించి, వడకట్టి, ఇదే పాకం పట్టి, క్రీమ్ లేకుండా వెన్న, కొబ్బరి కలపండి. రుచిగానే ఉంటుంది. అయితే అది బిస్కెట్ మీద కొబ్బరి లౌజు, సమోవా కాదు.

ప్రశ్న: మా అమ్మాయి దళంలో 1922 నాటి పాత వంటకం చేయాలంటున్నారు. కొలతలు సరిగ్గానే వేసినా పిండి చేతికి అంటుకుంటోంది, మూడాకుల ఆకారం పొయ్యిలో కరిగిపోతోంది. (పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సస్)

జవాబు: అది 1922 జూలైలో గర్ల్ స్కౌట్ల ‘ది అమెరికన్ గర్ల్’ పత్రికలో షికాగోకు చెందిన ఫ్లోరెన్స్ నీల్ ఇచ్చిన వంటకం. ఈ అమ్మకాలు అంతకు అయిదేళ్ల ముందే, 1917లో ఓక్లహోమాలోని మస్కోగీలో ఒక దళం హైస్కూలు క్యాంటీన్‌లో ఇంటి కుకీలు పెట్టడంతో మొదలయ్యాయి. అప్పట్లో పిల్లలూ తల్లులూ ఇంటి పొయ్యి మీద కాల్చినవే. ఆరేడు డజన్లకు సరుకుల ఖర్చు 26 నుంచి 36 సెంట్లు అవుతుందని, డజను 25 నుంచి 30 సెంట్లకు అమ్ముకోవచ్చని ఆ వ్యాసంలోనే లెక్క ఉంది.

వెన్న, పంచదార ఒక్కో కప్పు, గుడ్లు రెండు, పాలు రెండు టేబుల్ స్పూన్లు, వెనిల్లా ఒక టీస్పూను, మైదా రెండు కప్పులు, ఉప్పు ఒక టీస్పూను, బేకింగ్ పౌడర్ రెండు టీస్పూన్లు. తూకం వేస్తే మైదా సుమారు 250 గ్రాములు, వెన్న 227. అంత వెన్నకు తోడు రెండు గుడ్లు, పాలు. కాబట్టి పిండి అంటుకోవడం మీ తప్పు కాదు. వంటకంలో కనీసం గంటసేపు చల్లబరచమని ఉంది, మీరు మూడు గంటలు ఉంచండి. నాలుగో వంతు మాత్రమే బయటికి తీసి ఒత్తండి. పాలు మానేయండి, బేకింగ్ పౌడర్ ఒక టీస్పూనుకు తగ్గించండి. ఆకారం చెదరడానికి ఆ పౌడర్ ఒక ముఖ్య కారణం. కోసిన ముక్కల్ని ట్రేతో సహా పావుగంట ఫ్రీజర్‌లో పెట్టి, పైన పంచదార చల్లి, 375 ఫారెన్‌హీట్ దగ్గర 8 నుంచి 10 నిమిషాలు కాల్చండి. ఇవి ఇప్పటి ట్రెఫాయిల్స్‌లా పొడిపొడిగా ఉండవు, కాస్త మెత్తగా, గుడ్డు రుచితో ఉంటాయి.

ప్రశ్న: ట్యాగలాంగ్స్‌లో పల్లీ ముద్ద నూనె కక్కి, చాక్లెట్ మీద తెల్లటి మచ్చలు వచ్చాయి. బూజా? (పాఠకుడు, కర్నూలు)

జవాబు: బూజు కాదు. బూజైతే నూగుగా లేచి, ముక్క వాసన వస్తుంది. పల్లీ నూనె పూతలోకి ఎక్కి, చాక్లెట్‌లోని కొవ్వును పైకి తెచ్చింది. తినవచ్చు. మరోసారి 150 గ్రాముల పల్లీ ముద్దకు 60 గ్రాముల పంచదార పొడి, చిటికెడు ఉప్పు కలిపి, వేలితో నొక్కితే నూనె మెరవనంత గట్టిగా చేసుకోండి. మెరిస్తే ఇంకో చెంచా పొడి వేయండి. గుండ్రటి బిస్కెట్ల మీద గోపురంలా పెట్టి, అరగంట చల్లబరిచి, కాస్త గది వేడికి తెచ్చి ముంచండి. పల్లీ సరిపడని పిల్లలున్న ఇంటికి పంచకండి. వీటిని ముంచిన చాక్లెట్ మిగిలినా థిన్ మింట్స్‌కు వాడకండి.

ప్రశ్న: ఓవెన్ లేదు. కుక్కర్‌లో అవుతాయా? (పాఠకురాలు, జనగామ)

జవాబు: మందంగా ఉండే ట్రెఫాయిల్స్, సమోవా అడుగు బిస్కెట్లు అవుతాయి. అడుగున రెండు కప్పుల ఉప్పు పోసి, గాస్కెట్, వెయిట్ తీసేసి, పది నిమిషాలు వేడెక్కనిచ్చి, స్టాండు మీద పళ్లెం పెట్టి, సన్నని సెగ మీద 18 నుంచి 20 నిమిషాలు ఉంచండి. థిన్ మింట్స్ వద్దు. సెగంతా కిందినుంచే వస్తుంది కాబట్టి పైన ఆరేలోపే అడుగు మాడుతుంది, కోకో రంగులో ఆ మాడు కనిపించదు కూడా.

ప్రశ్న: మా కాలనీ గ్రంథాలయం కోసం ఇవే చేసి, ఇవే పేర్లతో అమ్మవచ్చా? (పాఠకురాలు, హనుమకొండ)

జవాబు: ఆ పేర్లతో వద్దు, అవి నమోదైన వ్యాపార నామాలు. అమెరికాలో కూడా పిల్లలు అమ్మేది సంస్థ అనుమతి పొందిన రెండు బేకరీల సరుకే, ఇంట్లో చేసినవి కాదు. ‘కొబ్బరి కారమెల్ బిస్కెట్’ అనో ‘పిప్పర్‌మెంట్ చాక్లెట్ బిస్కెట్’ అనో పెట్టుకోండి. ఇంటి వంట అమ్మాలన్నా ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నమోదు అవసరం. డబ్బా మీద చేసిన తేదీ, దినుసులు రాయండి, పల్లీ, మైదా, పాలు ఉన్న సంగతి స్పష్టంగా కనబడాలి.

అన్నిటినీ ఒకే డబ్బాలో సర్దకండి. పిప్పర్‌మెంట్ వాసన ఒక్క రాత్రిలో మిగతావాటికి పడుతుంది, కారమెల్ తేమకు పక్కనున్న బిస్కెట్లు మెత్తబడతాయి. సమోవాల వరుసల మధ్య బటర్ పేపర్ వేసి, వారంలోపు అయిపోయేన్నే చేయండి.