మంచు గొలుసులు మన రేగడి బురదలో పనికొస్తాయా?

తమ్ముడూ, నువ్వడిగినవి రెండు. జనవరిలో మహీంద్రా థార్ జీపు మీద మనాలి పోయేందుకు కొంటున్న టైరు గొలుసులు ఇక్కడ రాజురా వైపు రేగడి చేన్లలో కూడా అక్కరకొస్తాయా అన్నది ఒకటి. సోయా కోతలప్పుడు వానపడి ట్రాక్టర్ దిగబడితే థార్‌తో లాగొచ్చా అన్నది రెండోది. గొలుసులు అక్కరకు రావు. లాగడమంటావా, ఖాళీ ట్రాక్టరైతే ఒక్కోసారి వస్తుంది, వెనక ట్రాలీ ఉంటే ఆశ పెట్టుకోకు.

మంచు టైరు కింద నలిగి గట్టిపడుతుంది, గొలుసు దాన్ని కొరికి పట్టుకుంటుంది. రేగడి తడిస్తే ఉబ్బి జిగురవుతుంది. గొలుసుకూ టైరుకూ మధ్య సందుల్లో దూరి, నాలుగు చుట్లు తిరిగేసరికి చక్రాన్ని మట్టిముద్ద చేస్తుంది. గొలుసును మంచుకే ఉంచు. టైరు పక్కన రాసున్న సైజుకు సరిపోయేదే కొను. మంచు రోడ్డు ఎక్కకముందే చదునైన చోట వేసుకో, కొంచెం దూరం పోయాక ఆగి మళ్లీ బిగించు. 50 కిలోమీటర్ల వేగం దాటకు, తారు కనపడగానే తీసెయ్. అక్కడ రాత్రి హ్యాండ్‌బ్రేక్ వేసి వదిలితే గడ్డకట్టి పట్టేస్తుంది. గేర్‌లో పెట్టి చక్రం కింద రాయి పెడితే చాలు. ఇక్కడ నింపిన డీజిల్‌తో కొండెక్కితే చలికి అందులోని మైనం పేరుకుని ఫిల్టర్ మూసుకుపోతుంది, అందుకే ట్యాంకు బాగా తగ్గాక అక్కడి బంకులోనే నింపు. లడఖ్ కోసం 2019లో ఇండియన్ ఆయిల్ తెచ్చిన చలికాలపు డీజిల్ మైనస్ 33 డిగ్రీల్లో కూడా పారుతుంది. రేడియేటర్‌లో ఉత్త నీళ్లుంటే మాత్రం ముందు దాని సంగతి చూడు, కూలెంట్ సగం, నీళ్లు సగం ఉండాలి.

ఇక చేను సంగతి. బురదలో పట్టు ముందు గాలి దగ్గర దొరుకుతుంది, కొత్త సామాను దగ్గర కాదు. రోడ్డు మీద ట్రాలీ లాగేందుకు కొట్టించిన గాలితోనే చేన్లో దిగుతారు చాలామంది. ట్రాక్టర్ 13.6-28 సైజు వెనక టైర్లకు చేన్లో 12–14 పాయింట్ల (పీఎస్‌ఐ) గాలి చాలు. టైరు కొంచెం వెడల్పవుతుంది, దిగడం తగ్గుతుంది. థార్‌కైతే 18–20కి దింపు. 15 కంటే తగ్గిస్తే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడుతుంది.

బరువు కోసం ట్రాక్టర్ టైర్లలో నీళ్లు పోయించే ముందు ఆలోచించు. వాల్వు పైకి పెట్టి వాల్వు మట్టం దాకా నింపితే ముప్పాతిక నిండినట్టు. 13.6-28లో ఒక్కో టైరుకు 190–200 లీటర్లు, అంటే రెండింటికీ దాదాపు 400 కిలోలు. పైన జారుడు, అడుగున గట్టి ఉన్న నేలలో ఈ బరువు బాగా పనిచేస్తుంది. అడుగు దాకా మెత్తగా ఉన్న రేగడిలో అదే బరువు బండిని ముంచుతుంది. మంచు దేశాల్లో ఆ నీళ్లు గడ్డకట్టకుండా కాల్షియం క్లోరైడ్ కలుపుతారు. మనకు దాంతో పనిలేదు, పైగా అది కారితే రిమ్ము తుప్పు పడుతుంది.

బరువు సరిపోయిందా లేదా తెలియాలంటే టైరుకు సుద్దతో గీత పెట్టి, నాగలి లేపి పది చుట్లకు ఎంత దూరం పోయిందో కొలువు. నాగలి దించి మళ్లీ కొలువు. 40 మీటర్లు 34 అయితే జారుడు 15 శాతం, పర్వాలేదు. 30కి పడిపోతే బరువు చాలలేదు, లేదా నేల ఇంకా ఆరలేదు. నేల ఆరకపోతే రెండు రోజులు ఆగడమే చవక.

రెండు వెనక చక్రాలనూ ఒకే వేగంతో తిప్పించే డిఫ్ లాక్‌ను బురద రాకముందే, చక్రాలు నిదానంగా ఉన్నప్పుడు తొక్కాలి. ఒక చక్రం గిర్రున తిరుగుతుండగా తొక్కితే లోపల పళ్లు విరుగుతాయి. అది వేసి మలుపు తిప్పకు, బండి తిరగదు.

దిగబడ్డాక యాక్సిలరేటర్ తొక్కుతూ కూర్చుంటే గుంత లోతు తప్ప ఏమీ రాదు. ట్రాలీ ఊడదీసి, చక్రాల ముందూ వెనకా మట్టి తవ్వి, ముందు రివర్స్‌లో ప్రయత్నించు. వెనక చక్రాలకు అడ్డంగా దుంగ కట్టి ముందుకు తీయడం మన దగ్గర చాలా మంది చేస్తారు. దయచేసి చేయకు. దుంగ చక్రాన్ని ఆపేస్తుంది, ఇంజన్ బలమంతా యాక్సిల్ చుట్టూ తిరిగి ముందు భాగాన్ని లేపుతుంది, క్లచ్ తొక్కేలోపే బండి డ్రైవర్ మీద పడుతుంది. ఇంకో ట్రాక్టర్‌తో లాగినా లాగే గొలుసును దాని వెనక కింద ఉండే డ్రాబార్‌కే (లాగుడు కడ్డీకే) కట్టు, యాక్సిల్‌కూ, పైనుండే టాప్ లింక్‌కూ కాదు. పైన కడితే అదే బోల్తా.

థార్ బరువు 1,700–1,800 కిలోలు, నీ ట్రాక్టర్ దాదాపు రెండు టన్నులు. అందుకే థార్ గట్టి నేల మీద నిలబడేంత పొడవు తాడు కావాలి. ఆపి 4ఎల్ (నాలుగు చక్రాలూ లాగే తక్కువ వేగం గేరు) వేసి, తాడు బిగిసే దాకా నెమ్మదిగా పోయి, ఆ తర్వాతే లాగు, కుదుపు ఇవ్వకు. తాడు తెగితే కొరడాలా కొడుతుంది, చూసేవాళ్లను తాడు పొడవుకు రెండింతల దూరం పంపు. రోడ్డెక్కాక 2హెచ్‌కు (రెండు చక్రాలే లాగే మామూలు గేరుకు) మార్చు, గాలి కొట్టించు.

ఆ తర్వాత 60 వేగంలో స్టీరింగ్ వణికితే అలైన్‌మెంట్ అని మెకానిక్ దగ్గరికి పరుగెత్తకు. రిమ్ము లోపల ఒకవైపు రేగడి ఎండి రాయై ఉంటుంది, ముందు నీళ్లు కొట్టి చూడు.